క్లిప్పులో లేని ఆట

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిందని మా ఆవిడ అంటుంది. నేనొప్పుకోను. పాల ప్యాకెట్టు మీద తేదీ రెండుసార్లు చూడటం, ఆటో ఎక్కాక దారి ఫోన్‌లో సరిచూసుకోవడం, లిఫ్టులో ఇద్దరు నవ్వుకుంటే నా చొక్కా గుండీలు తడుముకోవడం, ఇవన్నీ జాగ్రత్తలు. అనుమానం మాత్రం నాకు ఉద్యోగంలో నేర్పారు. నేర్పినందుకు నెలనెలా జీతం కూడా ఇచ్చారు.

హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో కూర్చుని ఆరేళ్లపాటు నేను అమెరికన్ ఫుట్‌బాల్ చూశాను. పేరుకు ఫుట్‌బాలే గానీ అందులో కాలికి పని తక్కువ. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, లేదంటే విసురుతారు. ఎదుటి జట్టు వాళ్లను పడగొడుతుంది. ఈల మోగుతుంది, ఆగుతారు, మళ్లీ వరసలో నిలబడి మొదలుపెడతారు. అక్కడి జట్లు తమ ఆటల వీడియోలు పంపేవి. మా దాకా వచ్చేసరికి అవి ముక్కలై ఉండేవి. ఆటగాళ్లు వరసలో నిలబడ్డ క్షణం నుంచి ఈల దాకా ఒక ముక్క, మళ్లీ వరస నుంచి ఈల దాకా ఇంకో ముక్క. ఒక్కోటి ఏడెనిమిది సెకన్లు. క్లిప్పులు అనేవాళ్లం. బంతి ఎవరి చేతిలో ఉంది, ఎటు వెళ్లింది, ఎవరు ఆపారు అన్నవి పక్కనున్న గడుల్లో మేము నింపాలి. ఒకటి రెండు గడులు అక్కడి నుంచే నిండి వచ్చేవి. వాటి జోలికి పోవద్దని మా లీడ్ మొదటిరోజే చెప్పాడు. నేను పోలేదు.

ఈ ఆటంతా మోసం మీదే నడుస్తుంది. బంతి విసిరేవాడు పక్కవాడి పొట్టలో బంతి పెట్టినట్టే పెట్టి వెనక్కి దాచుకుంటాడు. పక్కవాడు రెండు చేతులూ పొట్టకు అదుముకుని, లేని బంతితో ప్రాణం పోయేలా పరిగెత్తుతాడు. మొదట్లో నా కళ్లూ వాడి వెనకే పోయేవి. తర్వాత తెలివి వచ్చింది. ఎవడు ఎక్కువ హడావిడి చేస్తున్నాడో వాడి దగ్గర బంతి లేనట్టే. మా అంతస్తులో నా అంత తక్కువ తప్పులు చేసినవాడు లేడు. ఈ చూపు ఆఫీసులో వదిలేసి ఇంటికి రమ్మంటే ఎలా వస్తుంది? మా ఆవిడ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి "ఇవాళ భలే ఉన్నారండీ" అందంటే, వాళ్ల అమ్మ వాళ్లు భీమవరం నుంచి బయల్దేరారని నాకు తెలిసిపోయేది.

ఆరో ఏడు మా అంతస్తులో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. క్లిప్పుల్లో గడులు నింపే పని యంత్రానికి అప్పగించారు. మిగిలిన మేము ఎవరి వంతు ఎప్పుడా అని ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చునేవాళ్లం. అప్పుడే లింగంపల్లి అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మనిషి కావాలని తెలిసింది. విదేశాల నుంచి వచ్చి చదువుకునే పిల్లలకు శనివారాలు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పాలట. క్రికెట్ పెడితే ఇక్కడి పిల్లలు వాళ్లను బౌండరీ దగ్గర నిలబెట్టి మర్చిపోతున్నారట. ఎవరికీ రాని ఆట అయితే అందరూ సమానంగా ఉంటారని పైవాళ్ల ఆలోచన. ఆ ఆలోచన మీద కూడా నాకు అనుమానం కలిగింది గానీ పైకి అనలేదు.

అక్కడి ఫిజికల్ డైరెక్టర్ ఒకప్పుడు కబడ్డీ ఆడిన మనిషి. రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నా మెడ ఇంకా మోకులా బిగిసి ఉంది. నా కాగితాలు చూసి ఒకటే అడిగాడు.

"ఎన్నేండ్ల సంది ఉన్నవ్ గీ ఆటల?"

"ఆరేండ్లు సార్."

అబద్ధం చెప్పలేదు. ఆడినవా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నిజానికి ఆ బంతిని నేను చేత్తో ముట్టుకున్నది ఆ రోజే, ఆయన బల్ల మీద ఉంటే. అనుకున్నదాని కంటే గట్టిగా, చిన్న చిన్న బొడిపెలతో ఉంది.

"మూడు నెలలు చూస్తం. ఆఖర్ల ఒక ఐటీ కంపెనీ టీముతోని మ్యాచ్ పెడుతున్నం. మ్యాచ్ మంచిగ కావాలె, పిల్లలు నీ గురించి మంచిగ రాసియ్యాలె. గప్పుడు నీ కొలువు పక్కా" అన్నాడాయన.

అంటే నా బతుకు ఆ పిల్లల చేతిలో ఉంది. వాళ్లలో ఒక్కరికి అసలు సంగతి తెలిసినా వారమంతా కూర్చునే ఆ ఖాళీ కుర్చీల మధ్యే నేను మిగిలిపోవాలి. వాళ్ల మొహాలు కూడా చూడకముందే నాకు వాళ్ల మీద అనుమానం మొదలైంది.

మొదటి శనివారం పొద్దున్నే బోరబండలో ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లిలో దిగాను. మైదానంలో పన్నెండు మంది నిలబడి ఉన్నారు. టాంజానియా, సూడాన్, యెమెన్, నేపాల్, ఒక్కొక్కరు ఒక్కో దేశం, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసే ఉన్నారు. పడగొట్టడాలు లేని రకం ఆట మాది. నడుముకు రెండు గుడ్డ పట్టీలు కట్టుకుంటారు, పట్టీ లాగేస్తే పడగొట్టినట్టు లెక్క. బంతిని మొదట టాంజానియా అమ్మాయి చేతికిచ్చాను. పొడుగు మనిషి, ఫార్మసీ ఆఖరి ఏడు. ఆమె దాన్ని ఒక్కసారి అరచేతిలో తిప్పి చూసి అవతలి కొసకు విసిరింది. స్కూల్లో నెట్‌బాల్ ఆడేదట. ఆ తర్వాత నన్ను ఒకసారి విసిరి చూపించమంది. భుజం పట్టేసిందని చెప్పాను. ఆమె నా భుజం వైపు చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

పాఠం మాత్రం పకడ్బందీగా తయారు చేసుకున్నాను. ఎవరు ఎటు పరిగెత్తాలో తెర మీద చూసింది చూసినట్టు కాగితాల మీద గీసి, జిరాక్సు తీసి అందరికీ పంచాను. మా క్లిప్పులన్నీ ఎత్తైన స్తంభం మీది కెమెరా తీసినవి. బంతి ఉన్న జట్టు ఎప్పుడూ మన వైపుకు వస్తూ కనబడేది. కాబట్టి నేనూ వాళ్లకు ఎదురుగా నిలబడి "ఎడమకి" "కుడికి" అని అరిచేవాణ్ని. నా ఎడమ వాళ్లకు కుడి అవుతుందన్న సంగతి, నమ్మండి, నాకు తట్టలేదు. ఆఫీసులో తెరకు ఎడమ ఉంటే ఎడమ అని రాసేవాళ్లం, తిరగేసుకోవడం అక్కడివాళ్ల పని.

మొదటి రెండు వారాలూ ఒకరినొకరు గుద్దుకోవడంతోనే సరిపోయింది. సగం మంది నా అరుపు విని ఒకవైపు, సగం మంది కాగితం చూసి ఇంకోవైపు పోయేవాళ్లు. నేను గొంతు పెంచాను. మూడో వారం ఉన్నట్టుండి గుద్దుకోవడం ఆగిపోయింది. నా అరుపులు పనిచేశాయని ఆ రోజు రైల్లో మీసం తడుముకుంటూ వచ్చాను.

కానీ అదే వారం ఇంకోటి కూడా మొదలైంది. నేను కాగితంలో నంబరు చెప్పగానే వాళ్లంతా వెళ్లి గుండ్రంగా నిలబడేవాళ్లు. భుజాల మీద చేతులేసుకుని, తలలు లోపలికి వంచి, వీపులు నాకు పెట్టి. మధ్యలో టాంజానియా అమ్మాయి ఏదో గుసగుసగా చెప్పేది. ఎవరో నవ్వేవాళ్లు. ఒక్కసారి చప్పట్లు కొట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి వరసలో నిలబడేవాళ్లు. ప్రతి ఎత్తుకూ ముందు ఇదే తంతు.

ఆరేళ్లలో వేల క్లిప్పులు చూశాను. ఏ ఒక్క క్లిప్పులోనూ ఆటగాళ్లు ఇలా బోర్లించిన మూకుడులా ముడుచుకుని గుసగుసలాడింది లేదు. యూట్యూబ్‌లో చూసిన వీడియోల్లోనూ లేదు, అవీ ముక్కలే. అంటే ఇది ఆటకు సంబంధించింది కాదు, నాకు సంబంధించింది. విసరడం రాదని కనిపెట్టేశారు. ఎప్పుడు రాసి ఇవ్వాలో, ఎవరు రాయాలో అనుకుంటున్నారు.

ఐదో శనివారం బంతుల సంచీలో ఫోను రికార్డింగ్ పెట్టి, ఆ సంచీని వాళ్ల కాళ్ల దగ్గర పడేశాను. ఇంటికొచ్చి విన్నాను. గాలి హోరు, పక్కన కడుతున్న టవర్ల మీద క్రేన్ల చప్పుడు, నాలుగు దేశాల ఇంగ్లీషు ఒకదాని మీద ఒకటి. ఒక్క ముక్క అర్థం కాలేదు. నవ్వులు మాత్రం స్పష్టంగా వినిపించాయి.

"పిల్లల మాటలు దొంగచాటుగా వినడమేంటండీ?" అంది మా ఆవిడ.

"దొంగచాటు కాదు. ఆధారం."

"వాళ్లేం మాట్లాడుకుంటున్నారో వాళ్లనే అడగొచ్చుగా."

అడిగితే నిజం చెబుతారా ఎవరైనా? ఈ నర్సులకు లోకం తెలియదు, జ్వరం ఎంతుందో థర్మామీటరే చెప్పేస్తుంది కాబట్టి అందరూ అలాగే చెబుతారనుకుంటారు.

తర్వాతి వారం గుండ్రంగా నిలబడటం బంద్ చేశాను. నంబరు చెప్పగానే నేరుగా వరసలోకి రావాలన్నాను. టాంజానియా అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, ఒక్క మాట" అంది ఇంగ్లీషులో. మాటలు ఆట అయ్యాక అన్నాను. ఆట అయ్యాక రైలు టైమైందని వచ్చేశాను.

ఆ రోజే మళ్లీ గుద్దుకోవడాలు మొదలయ్యాయి. కావాలనే చేస్తున్నారని నాకు అనుమానమే లేదు, ఈసారి నమ్మకం. మరుసటి శనివారం నేపాల్ కుర్రాడు, సూడాన్ కుర్రాడు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నారు. నేపాల్ కుర్రాడి పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి. అందరూ వాడి చుట్టూ మూగితే, టాంజానియా అమ్మాయి మాత్రం నిలబడి నా వైపే చూసింది. ఆ రోజు ఇంటికి పోకుండా డైరెక్టర్ గదిలోనే కూర్చుని కాగితం రాశాను. ఈ విద్యార్థిని మిగతావాళ్లను రెచ్చగొడుతోంది, చెప్పిన మాట వినకుండా చేస్తోంది, దెబ్బలు తగలడానికి కారణం ఈమే అని. మంచి ఇంగ్లీషులో రాశాను. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాను.

మంగళవారం డైరెక్టర్ ఫోన్ చేశాడు.

"ఆ పిల్లకు వీసా పొడిగించుకునేదుందట. మన ఆఫీసు నుంచి కాండక్ట్ లెటర్ పోవాలె. నీ కంప్లైంట్ జూసి ఆపిండ్రు."

"అట్లనా సార్."

"అట్లనే. ఒక్క సెమిస్టరే మిగిలింది ఆమెకు. శుక్రవారం దాంక లెటర్ పోకుంటే వాపస్ పోవుడే. నువ్వు రాసినదానికి ఏమన్న సబూత్ ఉన్నదా?"

"రికార్డింగ్ ఉంది సార్."

"గయితే అండ్ల ఏమున్నదో రాసుకొని తే."

ఆమె చదువు ఆగిపోతుందని నేను అనుకోలేదు. జట్టులోంచి తీసేస్తారనుకున్నాను, అంతే. ఒక్క క్షణం భయమేసింది. కానీ సబూత్ అన్న మాట వినగానే నా పాత పని గుర్తొచ్చి ఒళ్లు వేడెక్కింది. అర్థం కానిదాన్ని అర్థమయ్యేదాకా తిప్పి తిప్పి చూడటమే కదా నాకొచ్చిన విద్య.

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అందరూ భోజనాలకు పోయాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. రికార్డింగ్‌ను సగం వేగానికి తగ్గించి, ఐదేసి సెకన్ల ముక్కలు చేసి, ఒక్కో ముక్కను పదేసిసార్లు విన్నాను. ఎవరు, ఏమన్నారు అని గడులు గీసుకుని నింపాను. తిట్టు ఎక్కడ దొరుకుతుందా అని వెతుకుతున్నాను.

మొదట దొరికింది నవ్వు. యెమెన్ కుర్రాడు నా అరుపును అనుకరించాడు, నా "ఎడమకీ" సాగదీయడం అచ్చు దించేశాడు. చూశావా అనుకున్నాను. తర్వాత ఆమె గొంతు.

"నవ్వింది చాలు. నాలుగో నంబరు. సార్ ఎడమ అంటే మన కుడి. కాగితం తలకిందులుగా పట్టుకోండి. ఆయన మనల్ని ఎదుటి నుంచి చూస్తున్నాడు, అంతే."

ఎవరో అడిగారు, ఇలా నిలబడితే సార్ కోప్పడుతున్నాడు కదా అని.

"పూర్తి మ్యాచ్‌లు చూశాను. అసలు ఆటలో ప్రతిసారీ ఇలాగే నిలబడతారు. సార్ ఎందుకో అది చెప్పడం మర్చిపోయారు."

మళ్లీ ఎవరిదో గొంతు. మరి ఆయనకే చెప్పొచ్చుగా?

"అందరి ముందా? వద్దు. నేనెప్పుడైనా విడిగా చెబుతాను. మనం బాగా ఆడితేనే ఆయనకు ఉద్యోగమట. డైరెక్టర్ సార్ చెప్పారు కదా. పదండి."

చప్పట్లు. వరసలోకి నడుస్తున్న అడుగులు. తర్వాత దూరంగా, గాలిలో, నా అరుపు.

నేను దాన్ని మళ్లీ విన్నాను. తర్వాత మా పాత ఫారం ఒకటి తెరిచి, అక్కడి నుంచే నిండి వచ్చే గడుల మీద ఏముందో ఆరేళ్లలో మొదటిసారి చదివాను. హడిల్, అంటే గుమిగూడి నిలబడటం, అని ఉంది. ఉందా లేదా అని గుర్తు పెట్టే గడి. ఇంటర్నెట్‌లో ఒక పూర్తి మ్యాచ్ పట్టుకుని చూశాను. ఈల మోగాక, మాకు క్లిప్ అయిపోయిన చోట, వాళ్లు నెమ్మదిగా నడిచి వెళ్లి, గుండ్రంగా నిలబడి, తలలు వంచుకుంటున్నారు. ఎత్తు తర్వాత ఎత్తు, గంటల తరబడి. ఆట జరిగే సేపటి కంటే ఆ నిలబడే సేపే ఎక్కువ. నాకు పట్టరాని సిగ్గేసింది. భోజనాల నుంచి వచ్చినవాళ్లు ఏమైందని అడిగితే కళ్లు మంటలన్నాను.

ఆ రోజు సాయంత్రమే లింగంపల్లి పోయాను. రైల్లో ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒకటే తేలింది. ఆమె తప్పు లేదని రాయాలంటే, వాళ్లు ఎందుకు గుండ్రంగా నిలబడాల్సి వచ్చిందో రాయాలి. అది రాస్తే నా సంగతి నేనే రాసిచ్చినట్టు. రికార్డింగ్ సరిగా వినబడలేదని చెప్పేసి ఊరుకోవచ్చు. హఫీజ్‌పేట దాకా ఆ ఆలోచనే చేశానని ఒప్పుకోవాలి.

డైరెక్టర్ నేను రాసుకొచ్చిన గడులన్నీ చదివాడు.

"ఏందయ్యా ఇది. మొన్న ఆ పిల్ల గిట్ల గట్ల అని రాసినవ్. ఇండ్ల చూస్తే ఆమెనే నీ ఆట నడిపిస్తున్నది."

"అవును సార్."

"ఆరేండ్లు ఆడినోనికి ఎడమ ఏదో కుడి ఏదో తెల్వదా?"

"నేను ఆడలే సార్. చూసిన, అంతే. కంప్యూటర్ల."

ఆయన బల్ల మీది బంతిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరిపాడు.

"గదే కాగితం మీద రాసియ్యి. కంప్లైంట్ వాపస్ తీసుకుంటున్ననని, ఎందుకనో అది గూడ. ఆమె లెటర్ నేను రేపే పంపిస్త. ఇగ నీ కొలువు సంగతి నన్ను అడగకు."

"అడగను సార్."

రాసిచ్చాను. ఈసారి ఇంగ్లీషు అంత బాగా రాలేదు.

శనివారం ఆమె మైదానంలో పట్టీలు సర్దుతోంది. లెటర్ ఎందుకు ఆగిందో, ఎందుకు కదిలిందో ఆఫీసువాళ్లు చెప్పే ఉంటారు. నన్ను చూసి లేచి నిలబడలేదు. నేనే దగ్గరికి వెళ్లి, తప్పు చేశాను, నాకీ ఆట ఆడటం రాదు, మీ మాటలు రికార్డు చేశాను అని మూడు మాటలూ ఒకేసారి చెప్పేశాను. పర్వాలేదు సార్ అంటుందనుకున్నాను. ఇక్కడికొచ్చిన ప్రతివాళ్లూ మొదట నేర్చుకునే తెలుగు మాట అదే కదా.

ఆమె అనలేదు. "మూడు వారాలు మీరు మా వీపులు చూస్తూ నిలబడ్డారు. ఒక్కసారి వచ్చి ఏం చేస్తున్నారని అడగలేదు" అంది. పట్టీలు తీసుకుని వెళ్లిపోయింది. ఆమె కోపం అబద్ధం కాదని నాకు వెంటనే తెలిసింది. అందులో హడావిడి లేదు.

ఆ కొలువు నాకు రాలేదు. మ్యాచ్ దాకా ఉండమన్నారు, ఉన్నాను. ఇప్పుడు అదే ఏడో అంతస్తులో, యంత్రం నింపిన గడుల్లో తప్పులు పట్టే పని చేస్తున్నాను. నాకు తగిన పనేనని మా ఆవిడ అంటుంది. ఆమె పొగుడుతోందో దెప్పుతోందో తెలియక, ఈమధ్య నేరుగా అడిగేస్తున్నాను.

మ్యాచ్ రోజున ఐటీ కంపెనీ వాళ్లు కొత్త జెర్సీలతో, చప్పట్లు కొట్టేవాళ్లను రెండు బస్సుల నిండా వెంటేసుకుని కొండాపూర్ నుంచి దిగారు. మావాళ్లు ఎప్పటిలాగే పట్టీలు కట్టుకున్నారు. నేపాల్ కుర్రాడి పెదవి మీద గీత మిగిలింది. నేను గీత బయట, అలవాటైన చోట, ఎదురుగా నిలబడ్డాను. చేతిలో కాగితాలు లేవు. చెప్పడానికి నంబరు లేదు. వాళ్లు వెళ్లి గుండ్రంగా నిలబడ్డారు, వీపులు నాకు పెట్టి.

తలలు వంచలేదు. ఎవరి కోసమో ఆగినట్టు ఆగారు. నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆమె యెమెన్ కుర్రాడి భుజం మీది చెయ్యి తీసి, ఒక మనిషి పట్టేంత జరిగింది.

"జర జల్దీ సార్" అంది. మొహంలో ఇంకా నవ్వు లేదు.

వెళ్లాను. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎవరో నా చెయ్యి లాగి తన భుజం మీద వేసుకున్నారు. తల వంచాను. లోపల చెమట వాసన, పన్నెండు జతల బూట్లు, తొక్కిన గడ్డి. ఆమె నెమ్మదిగా ఎవరు ఎటు పోవాలో ఒక్కొక్కరికీ చెబుతోంది, అర్థమైందా అని ఒక్కొక్కరినీ అడుగుతోంది, వాళ్లు తలూపేదాకా ఆగుతోంది. నన్నూ అడిగింది. ఆరేళ్లు నేను చూసిన ప్రతి క్లిప్పూ ఇది అయిపోయాకే మొదలైంది.